పొందూరు గోడ మీద రెండు మాటలు

మార్చి పన్నెండు, గురువారం. ఉదయం ఆరూ నలభైకి కొత్తవలస స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. చేతిలో పొందూరుకు టికెట్టు, ఇరవై అయిదు రూపాయలు. సంచిలో ఒక చీర, మందుల డబ్బా, గొడుగు, డైరీ. మామూలుగా నేను ఊళ్లు చూడటానికి రైలెక్కుతాను. ఈసారి పోట్లాటకు ఎక్కుతున్నాను.

పోట్లాట మా చెల్లెలి కూతురు లావణ్యతో. లావణ్య విశాఖపట్నంలో ఉంటుంది. పత్రికల పేజీలు ఎలా ఉండాలో, ప్రదర్శనల్లో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో, దాని పక్కన అట్ట మీద అక్షరాలు ఎంత ఉండాలో చూడటం దాని ఉద్యోగం. పొందూరులో నూలు వడికేవాళ్ల సంఘం తమ పాత గోదామును ప్రదర్శనశాలగా మార్చాలనుకుంది. ఆ పని లావణ్యకు వచ్చింది. వస్తువుల గురించి రాసే పని లావణ్య నాకిచ్చింది. నేను విజయనగరంలో ఒక మాసపత్రికకు ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాను. నా చేతి కింద నుంచి తప్పు లెక్క బయటికి పోలేదు. జనవరిలో మూడుసార్లు పొందూరు వెళ్లి, సంఘం పుస్తకాలు తిరగేసి, ప్రతి వస్తువునూ కొలిచి, తూచి, ఇరవై ఆరు వస్తువులకు ఇరవై ఆరు అట్టలు రాశాను. మొత్తం రెండు వేల నాలుగు వందల డెబ్బై మాటలు.

మంగళవారం సాయంత్రం లావణ్య నా ఫోనుకు ఒక ఫొటో పంపింది. పత్తిని దువ్వే చేప దవడ, దాని పక్కన చిన్న తెల్ల అట్ట. దాని మీద ఇలా ఉంది: ‘వాలుగ చేప దవడ. దూది దువ్వే దువ్వెన.’

ఆరు మాటలు. దాని గురించి నేను రాసినవి నూట పన్నెండు.

వెంటనే ఫోన్ చేశాను. "మిగతా నూట ఆరు ఏవే?"

"కోపం తెచ్చుకోకు పెద్దమ్మా. నీవి కూడా ప్రింటు చేయించే ఉంచాను. నువ్వొచ్చి చూడు. నీవే పెట్టాలంటే నీవే పెడతాను, ప్రమాణం. శుక్రవారం పదకొండుకి ప్రారంభం."

"నావి పెట్టకపోతే నా పేరు కూడా పెట్టకు" అన్నాను. అదీ బయల్దేరిన కారణం.

రైలు ఆరూ యాభై ఆరుకి వచ్చింది. నా పెట్టెలోకి స్వెట్టర్లు, ఉన్ని టోపీలతో ఒక కొత్త జంట ఎక్కారు. మార్చి నెలలో కోస్తాలో ఉన్ని టోపీ చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఎదుటి సీటులో వంకాయల గంపతో ఉన్నావిడ అడిగేసింది.

"ఎక్కడికెల్తన్నారు బాబూ?"

"అరకండీ."

"ఓలమ్మో! ఇది పలాస పోతాది. అరకు బండి ఆ పక్కకొస్తాది. దిగండి, దిగండి! ఫొటోలు తీసుకున్నంతసేపు బోర్డు సూసుంటే సరిపోయేది!"

వాళ్లు దిగారు, ఒక టోపీ సీటు మీదే ఉండిపోయింది, కిటికీలోంచి విసిరాం. బండి కదిలింది. స్టేషన్ చివర పసుపు పలక మీద నల్ల అక్షరాలతో కొత్తవలస అని పేరు వెనక్కి పోయింది. డెబ్బై నాలుగేళ్లుగా చూస్తున్న పలక అది. పువ్వు లేదు, అంచు లేదు, ఎవరి ఫొటో లేదు. పరిగెత్తే బండిలోంచి కూడా చదవొచ్చు. ఈ మాట నాకు తట్టినందుకు నాకే కొంచెం కోపం వచ్చింది, ఎందుకంటే అది లావణ్య వైపు సాక్ష్యం.

పాఠకులకు నా వైపు కూడా చెప్పాలి. మా పత్రికాఫీసులో ఒక నియమం ఉండేది: ఖాళీ కనబడితే నింపు. కథ అయిపోయి కింద రెండంగుళాలు మిగిలితే మా యజమానికి నిద్ర పట్టేది కాదు. "కాగితం కొన్నది తెల్లగా చూసుకోడానికా?" అనేవారు. అలాంటి చోట్ల పెట్టడానికి చిన్న ముక్కలు రాసే పని నాది. వాటిని ఫిల్లర్లంటారు. దోసకాయ చేదు పోవాలంటే ఏం చేయాలి, ఏనుగు ఎన్ని గంటలు నిద్రపోతుంది, ఒక సామెత, ఒక జోకు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను వదిలిన ఖాళీ ఒక్కటే. ఒకసారి పేజీ కడుతుంటే ఏనుగు ముక్క జారిపోయింది. ఒక తల్లి చనిపోయే కథ కింద నాలుగంగుళాల తెల్ల కాగితం అలాగే అచ్చయింది. యజమాని చీవాట్లు పెట్టారు. ఆ కథ చదివి చాలాసేపు పుస్తకం మూయలేకపోయామని ఆ నెల ఆరు ఉత్తరాలు వచ్చాయి. డైరీలో ఆ రోజు ‘నా తప్పు’ అని రాసుకున్నాను. ఉత్తరాల సంఖ్య కూడా రాసుకున్నాను, అది వేరే సంగతి.

విజయనగరంలో ఏడూ ముప్పై అయిదు. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ నాలుగు, ముప్పై రూపాయలు, చట్నీ పలుచన. గరివిడిలో ఎనిమిదీ పదికి రాత్రి డ్యూటీ దిగిన ఫ్యాక్టరీ మనిషి ఒకతను ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ నోరు మాత్రం మెలకువగానే ఉంది. నేను నా నూట పన్నెండు మాటల కాగితాన్ని గడియారం పెట్టుకుని చదువుతున్నాను. యాభై ఎనిమిది సెకన్లు పట్టింది.

"ఏటమ్మా, పరీచ్చకి సదువుతన్నారా?" అన్నాడు.

సంగతి చెప్పాను. ప్రదర్శనలో పెట్టే అట్ట అని, దాన్ని ఆరు మాటలకు కోసేశారని.

"మా పనికాడ కొలిమి ముందర ఒక బోర్డుంటాది. ‘ఆగు’ అని ఉంటాది. అంతే."

"ఎందుకాగాలో రాయరా?"

"రాస్తే అది సదివేలోగా కాలు కాలిపోద్ది కదమ్మా!" అని నవ్వి, గోడకు తల ఆనించి నిద్రపోయాడు. ఇలాంటి మనుషులు వాదనలో గెలిచి వెంటనే నిద్రపోతారు, మనకు జవాబు చెప్పే అవకాశం ఉండదు.

పొందూరులో దిగేసరికి తొమ్మిదీ పదమూడు. స్టేషన్ నుంచి ఊళ్లోకి ఆటో, ముప్పై రూపాయలు. గోదాము దగ్గర మొదట కనబడింది ప్రదర్శన కాదు, ఫ్లెక్సీ. పది అడుగుల వెడల్పు. సంఘం ప్రెసిడెంటు గారు చేతులు జోడించి మధ్యలో నిలబడ్డారు. చుట్టూ పాసుపోర్టు సైజులో తలకాయలు. లెక్కపెట్టాను, ముప్పై ఏడు. తామరపువ్వులు నాలుగు, పావురాలు రెండు, ఒక రాట్నం. రాట్నం అన్నిటికన్నా చిన్నది, ఒక పావురం రెక్క కింద ఉంది.

ప్రెసిడెంటు గారు మంచివారు. డెబ్బై ఏళ్ల మనిషి, ఖద్దరు చొక్కా. నన్ను చూడగానే ఎదురొచ్చారు. "సూడండమ్మా, మీ అమ్మాయి దీన్ని లోపల కట్టనివ్వడంలేదు. గోడలన్నీ ఖాళీగా వదిలీసింది. రేపొచ్చినోల్లు ఏటనుకుంటారు? సంఘంలో డబ్బులైపోయాయనుకోరా?"

"నేను అందుకే వచ్చాను" అన్నాను. ఆయన ముఖం వెలిగింది.

లోపలికి వెళ్లాను. పొడవాటి గది, సున్నం వేసిన గోడలు, పైన చిన్న కిటికీల నుంచి వెలుతురు. గోడ వెంట బల్లల మీద ఒక్కొక్క వస్తువు, రెండు వస్తువులకు మధ్య నాలుగడుగుల ఖాళీ. కొండపత్తి కాయ ఒకటి. చేప దవడ ఒకటి. దూదిని మెత్తగా ఏకే విల్లు. ఏకిన దూదిని దుమ్ము పడకుండా దాచే ఎండు అరటి బోదె. రాట్నం. గది చివరి గోడకు ఒక తెల్ల గుడ్డ వేలాడుతోంది. నూరో నంబరు నూలుతో, అంటే వెంట్రుకలాంటి సన్నని నూలుతో నేసిన ముక్క, రెండు గజాలు. కిటికీ వెలుతురు దాని గుండా పోయి వెనక సున్నం కనబడుతోంది. దాని పక్కన అట్టే లేదు.

"దీనికి ఆరు మాటలు కూడా లేవేం?" అన్నాను.

"అదే మాట్లాడుతుందిలే పెద్దమ్మా" అంది లావణ్య. జుట్టు ముడేసుకుని, చేతికి జిగురు అంటించుకుని నిలబడి ఉంది. మూడు రోజులుగా నిద్రలేదని ముఖం చెబుతోంది.

"గుడ్డ మాట్లాడదే. దాని గురించి నేను నూట పద్దెనిమిది మాటలు రాశాను. పొడవు, వెడల్పు, బరువు, నేసిన నెల. పైగా ఇది ఒకే మనిషి నూలుతో నేసిన ముక్క, మామూలుగా పదిమంది నూలు కలుస్తుంది. అది గుడ్డ చెబుతుందా?"

లావణ్య మూల నుంచి ఒక కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. నా ఇరవై ఆరు అట్టలు. మాటిచ్చినట్టే శ్రద్ధగా అచ్చు వేయించింది. అక్షరాలు ఒత్తుగా, చిన్నగా, అంచుదాకా నిండి ఉన్నాయి. చూడటానికి ముద్దుగా ఉన్నాయి, నా కంటికి.

"మధ్యాహ్నం మూడింటికి వడికేవాళ్లు వస్తారు" అంది. "అందరికన్నా ముందు వాళ్లకే చూపిస్తానన్నాను. వాళ్లు చూశాక నువ్వే చెప్పు."

"ఊరికే చెప్పను. లెక్కతో చెబుతాను. తూర్పు గోడకు నావి, పడమటి గోడకు నీవి. గుడ్డ దగ్గర నాది. ఎవరు దేని ముందు ఎంతసేపు నిలబడతారో రాసుకుంటాను."

"అలాగే" అంది. నా పద్ధతి దానికి చిన్నప్పటినుంచీ తెలుసు. దాని మొదటి పన్ను ఊడిన గంటా నిమిషం నా డైరీలోనే ఉన్నాయి.

మెస్సులో భోజనం తొంభై రూపాయలు. ఆవ పెట్టిన అరటికాయ కూర బాగుంది, చారులో ఉప్పు ఎక్కువ. బస సంఘం గెస్టు రూములో, రోజుకు రెండొందల యాభై. దోమతెర ఇస్తారు, దిండు అడిగితేగాని ఇవ్వరు. వెళ్లేవారు ముందుగా ఫోన్ చేసుకుంటే మంచిది.

మూడింటికి రావలసినవాళ్లు మూడూ ఇరవైకి వచ్చారు, ముప్పై నలుగురు. ఎక్కువమంది అరవై దాటినవారే. చెప్పులు బయట వదిలి, గుడిలోకి వచ్చినట్టు మాటలు తగ్గించి వచ్చారు. నేను గది మధ్యలో స్టూలు వేసుకుని, ఒళ్లో డైరీ, చేతిలో గడియారం.

మొదటి అరగంట లెక్క ఇది. నా అట్టల ముందు మనిషి నిలబడ్డది సగటున నాలుగు సెకన్లు. లావణ్య అట్టల ముందు పదమూడు. అందులో చదివింది రెండు సెకన్లే, మిగతా పదకొండూ వస్తువును చూశారు. నేను పెన్సిలు తప్పుగా పట్టుకున్నానేమోనని మళ్లీ కూడాను. సరిగ్గానే ఉంది.

అప్పుడు సూరమ్మ చేప దవడ దగ్గరికి వచ్చింది. డెబ్బై ఒక్క ఏళ్లు, పొట్టి మనిషి, ముక్కుకు రెండు పక్కలా పుడకలు. రాత్రిబడిలో యాభై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకుందట. కళ్లజోడు సర్దుకుని, వేలు గాలిలో కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. "వా... లు... గ. సే... ప. ద... వ... డ." కింది వరుస కూడా చదివింది. నలభై ఒక్క సెకన్లు. ఆఖరి మాట అయ్యాక వెనక్కి తిరిగి గది మొత్తానికి వినబడేలా అంది: "సదివీసినాను!"

"అబ్బో! కలెక్టరు ఉద్యోగానికెల్తావేటే?" అంది ఒకావిడ.

"ఎల్తాను. నీ పింఛను ఆపీస్తాను!"

గదంతా నవ్వింది. గుడిలా ఉన్న గది అప్పుడు ఇల్లయింది. సూరమ్మ అదే ఊపుతో తూర్పు గోడకు, నా అట్టల వైపు వచ్చింది. ఏకే విల్లు ముందు వేలెత్తింది. మొదటి వరుస సగం దాకా వచ్చింది. కింద ఇంకా ఎన్ని వరుసలున్నాయో చూసింది. వేలు దించేసింది.

"ఇది మనకి కాదు. సదువుకున్నోల్ల కోసం రాసినారు" అంది. కోపంగా కాదు, బస్సులో వేరేవాళ్ల సీటు చూసి పక్కకు తప్పుకున్నట్టు అంది. రోజూ ఆ విల్లు పట్టుకునే మనిషి ఆవిడ. నేను డైరీలో నాలుగు సెకన్లు అని రాసుకోవడం మరచిపోయాను.

చివరి గోడ దగ్గర గుడ్డ ముందు ఆగింది. ముట్టుకోవద్దని లావణ్య అనబోయి ఊరుకుంది. సూరమ్మ బొటనవేలు చూపుడువేలు మధ్య అంచును పట్టుకుని మెల్లగా రుద్దింది.

"ఇది నాను వడికిందే" అంది.

ఆవిడ పక్కనున్న నా అట్టకేసి చూసి, తర్వాత నాకేసి చూసింది. "ఇందుల నా పేరుందేటమ్మా?"

నేను లేచి అట్ట దగ్గరికి వెళ్లాను. చదవనక్కర్లేదు, నూట పద్దెనిమిదీ నాకు కంఠస్థం. అయినా కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చూశాను. పొడవుంది. వెడల్పుంది. బరువు గ్రాముల్లో ఉంది. నేసిన నెల ఉంది, ఆ నెల గాలిలో తేమ ఎలా ఉంటుందో కూడా ఉంది. అయిదో వరుసలో ‘ఒక వృద్ధ కార్మికురాలు వడికిన నూలు’ అని ఉంది.

"లేదు" అన్నాను. ఆ వరుస చదివి వినిపించాను.

"ముసలిదని రాసినారు గానీ పేరు రాయనేదా?" అని సూరమ్మ పెద్దగా నవ్వింది. తక్కినవాళ్లూ నవ్వారు. "మూడుపాల్లొచ్చి పుస్తకాలు సూసినావు గదా. మమ్మల్ని ఒక్కపాలి అడిగితే ఏటి పోయింది?"

నా తప్పు నాకు తెలిసింది, కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? "నీదేనని ఎలా తెలుసు?" అన్నాను.

"నా నూలు నాకు తెల్దేటి? నీ రాత నీకు తెల్దేటి?"

ప్రెసిడెంటు గారిని అడిగితే బీరువాలోంచి పుస్తకం తెచ్చారు. జనవరిలో నేను చూసింది గుడ్డల పుస్తకం. ఇది ఎవరికి ఎంత పత్తి ఇచ్చారో రాసే పుస్తకం. దాని అట్ట మీద దుమ్ము నా వేళ్లకు అంటలేదు, ఎందుకంటే అది రోజూ తెరిచే పుస్తకం. నేను అడగలేదు, అంతే. నాలుగూ పద్దెనిమిదికి ఆ నెల పేజీ దొరికింది. ఆ గుడ్డకు ఇచ్చిన పత్తికి ఎదురుగా ఒకే పేరు, ఒకే వంకర సంతకం. సూరమ్మ.

నేను వెళ్లి తూర్పు గోడ మీది నా అట్టలు తీయడం మొదలుపెట్టాను. లావణ్య పరిగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, ఉండు. బాధపడ్డావా?"

"లెక్క ఓడాను. బాధ వేరు, లెక్క వేరు. నువ్వు కూడా గెలవలేదులే. నేను నూట పద్దెనిమిది రాసి పేరు వదిలేశాను, నువ్వు అన్నీ వదిలేసి పేరూ వదిలేశావు."

లావణ్య గుడ్డకేసి చూసింది. "నిజమే" అంది మెల్లగా. "దాని పక్కన ఏం రాద్దాం?"

‘వడికినది సూరమ్మ’ అనుకున్నాం. ఇంటిపేరు లేకుండా ఎలాగని నేను పట్టుబట్టాను. ఊళ్లో సూరమ్మలు నలుగురున్నారని ప్రెసిడెంటు గారూ వంత పాడారు. సూరమ్మ వినలేదు.

"ఇంటిపేరు మా ఆయనిది. నూలు నాది. సూరమ్మని రాయండి, సాలు."

దిద్దడానికి ఏమీ దొరకలేదు నాకు.

నాలుగూ యాభైకి శ్రీకాకుళం బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. లావణ్య కిటికీ పక్కన కూర్చున్న అయిదు నిమిషాలకే నా భుజం మీద నిద్రపోయింది. శ్రీకాకుళం దాకా దుకాణాల బోర్డులు చదువుకుంటూ వెళ్లాను. ఫోన్ నంబర్లు, దేవుళ్లు, నటీమణులు, బాణం గుర్తులు. ఒక మంగలి షాపు మాత్రం గోడ మీద పెద్ద కత్తెర బొమ్మ ఒక్కటే గీసి ఊరుకుంది. లోపల అయిదుగురు కూర్చుని ఉన్నారు.

బస్టాండు దగ్గర ఒక చిన్న ప్రింటు దుకాణంలోకి వెళ్లేసరికి అయిదూ నలభై. కంప్యూటరు ముందున్నతను రెండు మాటలూ టైపు చేశాడు. చేసి, మేం అడగకుండానే చుట్టూ లతల బోర్డరు పెట్టాడు.

"బోర్డరు తీసెయ్యి నాయనా" అన్నాను.

తీశాడు. అక్షరాలకు బంగారు రంగు వేసి, వెనక నీడ పెట్టాడు.

"రంగు వద్దు. నీడ వద్దు."

"అయితే ఈ మూల సిన్న రాట్నం ఏస్తానమ్మా, ఊరికే ఇస్తాను."

"వద్దు."

"పేరుకి ముందర శ్రీమతి, ఎనక గారు? మర్యాదుంటాది."

ఇక్కడ ఒక్క క్షణం తడబడ్డాను. మర్యాద విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. కానీ గుడ్డ అంచు పట్టుకున్న ఆ రెండు వేళ్లు గుర్తొచ్చాయి. "వద్దు" అన్నాను.

అతను కుర్చీ వెనక్కి లాగి తెరకేసి చూశాడు. "ఇంకేటి మిగిలిందమ్మా? అంతా తెల్లగా ఉన్నాది. ఖాళీగా ఉంటే బాగోదు కదా?"

ముప్పై ఒక్క ఏళ్లు మా యజమాని నాతో అన్న మాట, నేను మరెందరితోనో అన్న మాట, శ్రీకాకుళంలో ఒక కుర్రాడి నోట్లోంచి నాకే తిరిగొచ్చింది. పక్కన లావణ్య నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది.

"పేరు మిగిలింది. అదే కావాలి" అన్నాను.

అట్ట మీద అచ్చు వేసి ఇచ్చాడు. ఎంతంటే తల గోక్కున్నాడు. "ఏటీ నేనిదానికి ఏటడగమంటారు? ఇరవై ఇవ్వండి." ఇచ్చాను. బస్సులో తిరిగి వచ్చి ఎనిమిది కాకుండానే భోజనం చేసి పడుకున్నాం.

పదమూడో తేదీ, శుక్రవారం. తొమ్మిది గంటలకు లావణ్య టేపు పట్టుకుని అట్టను నేలనుంచి నాలుగడుగుల ఎత్తున అంటించింది. అందరికీ కనబడే ఎత్తు అయిదడుగులు అన్నాను. "అందరికీ కాదు పెద్దమ్మా, సూరమ్మకి" అంది. ఒక అంగుళం పక్కకు వంగిందని నేను దిద్దించాను. అంగుళం కాదు పావంగుళమని అది వాదించింది. పావంగుళమే.

ఫ్లెక్సీ సమస్యను ప్రెసిడెంటు గారే తీర్చారు. దాన్ని బయట నాలుగు గుంజలకు పందిరిలా అడ్డంగా కట్టించారు. చెప్పులు విడిచేచోట నీడ అయింది. ముప్పై ఏడు తలకాయలూ ఆకాశం నుంచి దీవించినట్టు కిందికి చూస్తున్నాయి. వచ్చినవాళ్లంతా దాని కింద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఆయన నా దగ్గరికొచ్చి, "అమ్మా, లోపల వాల్లు ఫొటోలు తియ్యడంలేదు, ఊరికే సూస్తన్నారు. బాగున్నట్టా, బాగోనట్టా?" అని అడిగారు.

"ఉన్నట్టే" అన్నాను.

పదకొండూ ఇరవైకి సూరమ్మ వచ్చింది. తాను వడికిన నూలు చీరే కట్టుకుందేమో అనుకున్నాను. కాదు, నైలెక్సు చీర. "అది మనం కట్టుకునే ధరకి వస్తాదేటమ్మా?" అంది. జనం దారిచ్చారు. గుడ్డ దగ్గరికెళ్లి, మెడ ఎత్తనక్కర్లేకుండా, వేలెత్తింది.

"వ... డి... కి... న... ది. సూ... ర... మ్మ."

ఇరవై రెండు సెకన్లు. ఈసారి చదివేశానని కేక వేయలేదు. వేలు అక్షరాల మీదనే ఉంచి కొంచెంసేపు నిలబడింది. ఆ కొంచెంసేపు ఎంతో నేను చూడలేదు. గడియారం చేతికే ఉంది.

చివరికి వెనక్కి తిరిగి నాతో అంది: "అచ్చరాలు పెద్దవి ఏసినావు. కల్లజోడు కూడా అక్కర్నేకపోయింది."

తలుపు పక్కన, పనిచేసినవారి పేర్ల అట్ట ఉంది. అందులో ‘రాత’ అన్నచోట లావణ్య నా పేరు అచ్చు వేయించింది. నావి పెట్టకపోతే నా పేరూ పెట్టకన్నాను కదా అని గుర్తు చేశాను. "రెండు మాటలు నీవే కదా పెద్దమ్మా" అంది. సగం నీవే అన్నాను. ఉండనిచ్చాను.

మధ్యాహ్నం మూడూ అయిదుకు పొందూరులో రైలెక్కాను. ఒళ్లో నా ఇరవై ఆరు అట్టల కట్ట. లావణ్య పారేయనని ఒట్టేసింది కానీ నేనే తెచ్చుకున్నాను. ఎండ ఎడమ కిటికీలోంచి దంచుతోంది, పెట్టెలో ఫ్యాను తిరగడంలేదు. సిగడాం దాటాక బండి పొలాల మధ్య ఆగిపోయింది. ఎదురుగా ఎవరో కాదు, నిన్నటి వంకాయలావిడే. గంప ఖాళీ.

"అమ్మా, ఒకట్ట ఇద్దురూ, ఇసురుకుంటాను."

పైదాన్ని ఇచ్చాను. విసురుకుంది. బండి కదలలేదు. ఏమీ తోచక అట్టను తిప్పి చదవడం మొదలుపెట్టింది. ఏడో తరగతిదాకా చదివిందట. పెదవులు కదుపుతూ, ఒక వరుస కూడా వదలకుండా చదివింది. బండి ఇరవై రెండు నిమిషాలు ఆగింది, ఆవిడకు తొమ్మిది పట్టింది. నా అట్టను మొదటినుంచి చివరిదాకా చదివిన మొదటి మనిషి. అది గుడ్డ గురించిన అట్టే.

"బాగా రాసినారమ్మా. తేమ కూడా రాసినారు. పొందూరులో ఉన్నాదా ఈ గుడ్డ?"

"ఉంది. పది నుంచి అయిదుదాకా తెరిచి ఉంటుంది. టికెట్టు లేదు."

"అక్కడ ఇంకేటుంటాది?"

"పత్తికాయ, చేప దవడ, రాట్నం, గుడ్డ. చుట్టూ తెల్ల గోడ."

"అంతేనా?"

"అంతే."

"ఆదివారం నా కోడల్ని తీసుకెల్తాను. ఇంతకీ ఈ ముసిలామె ఎవులమ్మా? పేరు రాయనేదేటి?"

అట్ట తీసుకున్నాను. పెన్ను తీశాను. అంచులో రాద్దామంటే అంచు లేదు, అంతా నేనే నింపాను. అందుకని అయిదో వరుసలో ‘ఒక వృద్ధ కార్మికురాలు’ అన్న మూడు మాటలూ కొట్టేసి, పైన ‘సూరమ్మ’ అని రాశాను.

బండి కదిలింది. చీపురుపల్లి పసుపు పలక వచ్చేలోగా లెక్క చూసుకున్నాను. నూట పద్దెనిమిదిలో మూడు పోయి ఒకటి చేరింది. నూట పదహారు. శుభమైన సంఖ్యే.